మొద్దులు పీకించకండి, ముందు లెక్కపెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. పంట సరిగ్గా రాని చేను ఉంది, అందులో చెట్లు పెట్టుకుంటే ఏమన్నా లాభమా అని. రాళ్ళ నేలలు, వాలు నేలలు, రెండడుగులు తవ్వేసరికి గడ్డపార ఖంగుమనే నేలలు. నాకూ పంపకాల్లో అలాంటిదే వచ్చింది. కండగల నేల బావగారి వాటా, గరప నేల మా వాటా. ఇరవై రెండేళ్ళుగా దానితోనే నా కాపురం. అందుకని చీడపీడల ఉత్తరాలు వచ్చేసారికి ఉంచి, ఈ పక్షం ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: అమ్మా, నాకు మూడెకరాల వాలు చేను ఉంది. పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్ళు తేలాయి. నాన్నగారు పెద్దవారైపోయారు. నేను ఉద్యోగంలో ఉన్నాను, సెలవులకే వెళ్తుంటాను. జేసీబీతో తుప్పలన్నీ పీకించి, చదును చేయించి, మొత్తం ఒకే రకం కలప మొక్కలు పెట్టిద్దామనుకుంటున్నాను. పదేళ్ళు ఊరికే వదిలేస్తే చాలు, మంచి డబ్బు వస్తుందని మొక్కలు అమ్మే ఆయన అంటున్నాడు. ఎకరానికి ఎన్ని పెట్టమంటారు?

జవాబు: బాబూ, ఎకరానికి ఎన్ని అన్నది చివర్లో చెబుతాను. ముందు ఆ జేసీబీకి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి.

మీరు తుప్పలు అంటున్నారు. అవి నిజంగా తుప్పలేనా? ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు పాత చీర ఒకటి చింపి పీలికలు చేసుకుని, పొద్దున్నే చేనంతా తిరగండి. ప్రతి తుప్ప దగ్గరా కూర్చుని, గడ్డి పక్కకి తీసి మొదలు చూడండి. చిటికెన వేలంత కొమ్మలు ఇరవయ్యో ముప్ఫయ్యో గుంపుగా లేచి, వాటి కింద మోకాలి చిప్పంత మొద్దు, దానిమీద పాత కత్తిగాట్ల మచ్చలు కనిపిస్తే అది తుప్ప కాదు. ఏటా నరికించుకుంటూ, మేకల చేత కొరికించుకుంటూ, లేవలేక చతికిలబడ్డ చెట్టు. దాని వేరు వయసులో మీకంటే పెద్దదై ఉండొచ్చు. రాళ్ళ సందుల్లో దారి వెతుక్కుని ఎప్పుడో కిందకి దిగిపోయింది. మీరు కొత్తగా పెట్టే మొక్కకి అంత వేరు దిగాలంటే ఏళ్ళు పడుతుంది, అదీ బతికి బట్టకడితే.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువన నైజర్ అనే దేశం ఉంది. 1980ల మొదట్లో అక్కడి మరాడి ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు మొక్కలు నాటించే పని చూసేవాడు. నాటినవి నాటినట్టే ఎండిపోయేవి. 1983లో ఒకరోజు, ఇసుకలో బండి దిగబడకుండా టైర్లలో గాలి తగ్గిద్దామని ఆగాడు. పక్కనే ఉన్న పొదని దగ్గరికెళ్ళి చూస్తే అది నరికిన చెట్టు మొద్దుకి వచ్చిన పిలకల గుంపు. చుట్టుపక్కల చేలన్నిటా అవే. ఇన్నేళ్ళూ వాటిని దాటుకుంటూ వెళ్ళి మొక్కలు నాటించాడన్నమాట! అప్పటినుంచి, ఉన్న పిలకల్లో మంచివి ఉంచి మిగతావి కోసెయ్యండి, చాలు, అని రైతులకి చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో నవ్వారు. 1984 కరువులో పనికి ఆహారం ఇస్తామంటే చాలామంది చేశారు, కరువు తీరగానే వాళ్ళలో చాలామంది మళ్ళీ నరికేశారు కూడా. ఉంచుకున్న వాళ్ళ చేలలో మట్టి ఎగిరిపోకుండా నిలవడం, కట్టెలకి లోటు లేకపోవడం చూసి పక్కవాళ్ళు పట్టుకున్నారు. ఇరవై ఏళ్ళలో దాదాపు 50 లక్షల హెక్టార్ల సాగు భూమిలో చెట్లు తిరిగి లేచాయి. నర్సరీ లేదు, బిందెలతో నీళ్ళు మోయడం లేదు.

పని చిన్నదే కానీ చెయ్యి తిరగాలి. ఒక మొద్దు దగ్గర కూర్చోండి. నిటారుగా, లావుగా, మొద్దుని గట్టిగా పట్టుకున్న పిలకలు మూడు నుంచి ఐదు ఎంచి వాటికి పీలికలు కట్టండి. పీలిక ఎందుకంటారా, కత్తి చేతిలోకి వచ్చాక మనిషి బుర్ర పనిచెయ్యదు. మా ఆయన మొదటిరోజు ఉంచాల్సినవి కొట్టేసి, కొట్టాల్సినవి ఉంచాడు. ఎంచినవి పోగా మిగతావి మొదలంటా కోసెయ్యండి. ఉంచిన పిలకలకి కింద సగం ఎత్తు దాకా పక్క కొమ్మలు తీసెయ్యాలి. కత్తి పైనుంచి కిందకి వేస్తే కొమ్మ వేలాడి, బెరడు జానెడు పొడుగున ఊడి వస్తుంది. ఆ గాయంలోంచే చీడ దిగేది. కిందనుంచి పైకి, ఒక్క దెబ్బ. కత్తికి పదును లేకపోతే ఆ రోజు పని మానుకుని ముందు నూరుకోండి. కోసిన రొట్ట ఆ మొద్దు చుట్టూనే పరిచెయ్యండి, తేమ ఆరదు. రెండు మూడు నెలలకోసారి మొద్దు మళ్ళీ పిలకలు వేస్తుంది. లేతగా ఉన్నప్పుడే గిల్లేస్తే సరి, ముదిరితే మళ్ళీ కత్తి తియ్యాల్సిందే. రెండు మూడేళ్ళయ్యాక ఏడాదికో పిలక కోసి వాడుకుంటూ, దాని బదులు ఒక కొత్తదాన్ని ఎదగనివ్వచ్చు.

ఇంత చెబుతున్నాను కానీ, మొదటి ఏడు నేను చేసింది అచ్చం మీరు చెయ్యబోయేదే. కూలీలని పెట్టి మొద్దులన్నీ పీకించాను. గుంతలు తీయించి నాలుగు వందల మొక్కలు పెట్టించాను. ఎండాకాలమంతా నీళ్ళు మోయించాను. రెండో తొలకరికి చూసుకుంటే గట్టు వారగా కొన్ని, వాగు మలుపులో కొన్ని, అంతే. తూర్పు మూలన ఒక మొద్దు మాత్రం రెండు బండల మధ్య ఇరుక్కుని గడ్డపారకి రాలేదు. విసుగొచ్చి వదిలేశాం. ఇవాళ మా చేలో అన్నిటికంటే పెద్ద చెట్టు అదే. మధ్యాహ్నం సద్దిమూట విప్పేది దాని కిందే. కూర్చున్న ప్రతిసారీ కొంచెం సిగ్గేస్తుంది.

ఇక వాలు సంగతి. ఉన్న మొద్దులు ఎక్కడుంటే అక్కడే ఉండనివ్వండి. ఖాళీల్లో కొత్తవి పెట్టదలిస్తే మాత్రం వాలుకి అడ్డంగా, ఒకే మట్టం మీద వరస రావాలి. కంటితో చూసి ఇదే మట్టం అనుకుంటే మోసపోతారు. ఆరడుగుల కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టి, కాళ్ళు చాపి, మధ్యలో అడ్డకర్ర కట్టండి. పైకొసనుంచి తాడుకి ఒక రాయి వేలాడదీయండి. రెండు కాళ్ళూ నేలమీద పెట్టి, తాడు అడ్డకర్రని ఎక్కడ తాకిందో గీత పెట్టండి. ఇప్పుడు అటు కాలు ఉన్నచోట ఇటు కాలు వచ్చేలా తిప్పి, మళ్ళీ గీత పెట్టండి. రెండు గీతలకీ నడిమధ్య ఇంకో గీత. తాడు ఈ మధ్య గీత మీదకి వస్తే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా ఒక కాలు ఆనించి, రెండో కాలు జరుపుకుంటూ, మేకులు పాతుకుంటూ పోవడమే. పిల్లలకి అప్పగిస్తే పెద్దవాళ్ళకంటే బాగా చేస్తారు. ఆ మేకుల వెంట రాళ్ళు పేర్చి, రాళ్ళ వరసకి ఎగువన మొక్క పెడితే, కొట్టుకొచ్చిన మట్టి, ఆకు అక్కడే ఆగి మొక్క కాళ్ళ దగ్గరే పొర కడతాయి. రాళ్ళు మీ చేలో కొదవలేవు కదా.

మొద్దు కూడా లేని గట్టిబారిన చోట్లు ఉంటాయి. వాన పడితే ఇంకదు, జారిపోతుంది. నైజర్ పక్క దేశమైన బుర్కినా ఫాసోలో యాకూబా సవాడోగో అనే రైతు అలాంటి నేలలోనే చిన్న గుంతలు తీసి, ఎండాకాలంలోనే వాటిలో పశువుల ఎరువు వేసి ఉంచేవాడు. చెదలు వచ్చి నేలంతా బొరియలు చేసేవి, వాన పడగానే ఆ బొరియల్లోంచి నీరు దిగేది. జానెడు వెడల్పు, అంతకంటే తక్కువ లోతు గుంతలు. అక్కడ వాటిని జాయ్ అంటారు, పాత పద్ధతే, ఆయన కాస్త పెద్దవి చేసి ఎరువు జోడించాడు. తమాషా ఏమిటంటే ఎరువులో ఉన్న విత్తనాలు మొలిచి చెట్లు కూడా లేచాయి. ఆయన వాటిని పీకెయ్యకుండా ఉంచుకున్నాడు. పిచ్చివాడన్నారు. 2018లో ఆయనకీ, పైన చెప్పిన రినాడోకీ ప్రత్యామ్నాయ నోబెల్ అని పిలిచే రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది.

ఇక ఒకే రకం మొక్కలు. వద్దంటాను. సుబాబుల్‌ని ఒకప్పుడు అద్భుత వృక్షం అని ఆకాశానికెత్తారు. 1980ల మధ్యలో సిల్లిడ్ అనే చిన్న పురుగు పసిఫిక్ దీవులనుంచి ఆసియా అంతటా పాకి, చిగుళ్ళు పీల్చేసి తోటలకి తోటల్ని మోడు చేసింది. కలిపి పెట్టినవాడికి ఒక వరస పోయింది, అదొక్కటే పెట్టినవాడికి అన్నీ పోయాయి. మేతకొకటి, కట్టెకొకటి, కాయకొకటి, కలపకొకటి ఉంటే డబ్బు కూడా ఒకేసారి పదేళ్ళకి కాకుండా రెండో ఏటినుంచే కొంచెం కొంచెం చేతికొస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. కింద పంట కూడా వెయ్యాలంటే నేనైతే మొదట ఎకరానికి ముప్ఫై నలభై చెట్లకి మించి ఉంచను. చేను ఏమంటుందో చూసి పెంచుకోవడం తేలిక, నచ్చిన చెట్టు కొట్టడమే కష్టం. కానీ ఆ అమ్మే ఆయన "ఊరికే వదిలేస్తే చాలు" అన్నాడే, అది మాత్రం నమ్మకండి. ఏటా కొమ్మలు కోసే మనిషి ఉన్నాడా? నాన్నగారు కత్తి ఎత్తలేరు, మీరు సెలవులకే వస్తారు. అలాంటప్పుడు మూడెకరాలూ నెత్తికెత్తుకోకుండా, వాలు పైభాగాన ఒక ఎకరం ఎంచుకోండి. మేకలు కాసేవాళ్ళతో మాట్లాడి రెండేళ్ళు అటు రాకుండా ఒప్పించండి, కంచెకంటే ఆ మాట గట్టిది. కోసిన మేత వాళ్ళకే ఇస్తానంటే ఒప్పుకుంటారు. మిగతా రెండెకరాలు ఇప్పుడున్నట్టే ఉంచి, చెయ్యి తిరిగాక చూసుకోవచ్చు.

ప్రశ్న: అక్కయ్యా, మా చేను గట్టు మీద పాత వేపచెట్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన పది పన్నెండు అడుగుల దాకా జొన్న కుంగిపోతోంది. కొట్టేద్దామని మా మరిది ఒకటే పట్టు. నాకు మనసొప్పడం లేదు. చెట్లుంటే దిగుబడి పెరుగుతుందని పేపర్లలో రాస్తారు కదా, మరి మాకెందుకు తగ్గుతోంది?

జవాబు: మీ మరిది అబద్ధం చెప్పడం లేదమ్మా. చెట్టు పక్కన పంట తగ్గుతుంది, ముఖ్యంగా వాన తక్కువ పడే చోట. చెట్లు పెట్టమని చెప్పే మాలాంటివాళ్ళం ఈ మాట గొంతులోనే మింగేస్తాం, తర్వాత రైతు తిట్టుకుంటాడు.

దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. నైజీరియాలోని ఇబాడాన్‌లో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ ఉంది. సుబాబుల్ లాంటి చెట్లని దగ్గర దగ్గర వరసలుగా పెట్టి, మధ్య సాళ్ళలో పంట వేసి, కొమ్మలు కోసి ఎరువుగా వేసే పద్ధతిని 1970ల చివర్లో, 1980లలో అక్కడ బాగా అభివృద్ధి చేశారు. పరిశోధన క్షేత్రంలో చాలా బాగా వచ్చింది. వాన తక్కువ పడే మెట్ట నేలల్లోకి వచ్చేసరికి చెట్టూ పంటా ఒకే నీటికోసం కొట్టుకున్నాయి. పైగా పొలంపని ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే కొమ్మలు కోయాల్సి రావడంతో చాలామంది రైతులు వదిలేశారు. చెట్లు చెడ్డవని కాదు. అంత దగ్గరగా, అంత పని పెట్టేలా ఉండకూడదు, అంతే.

మీరు ముందు తేల్చుకోవాల్సింది, పంటని కుంగదీస్తున్నది నీడా, వేరా అన్నది. ఒకరోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు వెళ్ళి చూడండి. నీడ ఎక్కువసేపు పడే వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ కుంగితే నీడ పని. రెండు వైపులా ఒకేలా కుంగి, మిట్టమధ్యాహ్నం ఆ పది అడుగుల మొక్కలే ముందుగా ఆకు చుట్టుకుంటుంటే వేరు పని. చాలాసార్లు రెండూ ఉంటాయి.

నీడకి మందు కత్తి. విత్తడానికి రెండు మూడు వారాల ముందు కింది కొమ్మలన్నీ తీసేసి, పైన మూడోవంతు తల మాత్రం ఉంచండి. ఆకు తగ్గితే చెట్టు తాగే నీరు కూడా అన్నాళ్ళు తగ్గుతుంది. వేరుకి మందు పార. చెట్టుకి నాలుగైదు అడుగుల దూరంలో, చేను వైపున మాత్రమే, గట్టు వెంబడి రెండడుగుల లోతు సన్న కాలువ తీసి, అడ్డొచ్చిన పక్కవేర్లు కోసి, మళ్ళీ మట్టి కప్పెయ్యండి. రెండు మూడేళ్ళకోసారి చెయ్యాలి. చుట్టూ తవ్వకండి, గాలికి చెట్టు మీదపడుతుంది. అప్పటికీ నాలుగు సాళ్ళు కుంగుతాయి. ఆ నాలుగింటిలో జొన్న మాని, నీడని ఓర్చుకునే గడ్డి వేసుకోండి.

ఆఫ్రికాలో ఒక చెట్టుంది, ఫైధెర్బియా దాని పేరు, తుమ్మ జాతికి దగ్గరి చుట్టం. వానలు మొదలవగానే ఆకు రాల్చేస్తుంది, ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. పంటకి నీడ పడదు, రాలిన ఆకు ఎరువవుతుంది, ఎండల్లో పశువులు దాని కిందే నిలబడతాయి, కాయలు తింటాయి. రైతు అడిగి చేయించుకున్నట్టుంటుంది. మన చెట్లకి ఆ బుద్ధి లేదు కాబట్టి తొలకరికి ముందు మనమే కత్తి పట్టుకుని కాస్త ఆ దారికి తేవాలి. మీ మరిదికి ఈ ఒక్క ఏడు వ్యవధి అడగండి. సగం చెట్లకి ఇలా చేసి, సగం అలాగే వదిలేసి, కోతలప్పుడు రెండు చోట్లా పది అడుగుల మేర కంకులు విడివిడిగా కొట్టించి తూకం వెయ్యండి. అప్పుడు ఆయన ఏమంటే అది చెయ్యండి.

ప్రశ్న: గ్లైరిసిడియా పెట్టుకుంటే యూరియా కొనక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కొంత నిజం. గ్లైరిసిడియా, అదే గిరిపుష్పం, వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. ఎండిన ఆకు వంద కిలోల్లో సుమారు మూడు కిలోలకి పైగా నత్రజని ఉంటుంది. యూరియాలో 46 శాతం. అంటే పది కిలోల యూరియాకి సమానం కావాలంటే దాదాపు 150 కిలోల ఎండాకు కావాలి, పచ్చిగా అయితే 600, 700 కిలోల దాకా. గట్టుమీద నాలుగు కొమ్మలు గుచ్చితే వచ్చేది కాదు. ఆ లెక్క వేసుకుని ఎన్ని చెట్లు కావాలో, ఎవరు కోస్తారో, ఎవరు మోస్తారో చూసుకోండి. రెండోది, గాలిలో నత్రజని ఉంది కానీ భాస్వరం లేదు. నేలలో భాస్వరం లేకపోతే చెట్టు ఎక్కడినుంచి తెస్తుంది? పశువుల ఎరువో, ఇంకేదో బయటినుంచి రావాల్సిందే.

కానీ ఆకులో వచ్చే లాభం నత్రజని ఒక్కటే కాదు. రాళ్ళ నేలలో మూడేళ్ళు వరసగా ఆకు వేస్తే పారకి తెలుస్తుంది. ముందు రాయి మీద గీరినట్టుండేది, తర్వాత దిగుతుంది. యూరియా ఆ పని చెయ్యదు.

ముదురు కొమ్మని మూడు నాలుగడుగుల ముక్కలుగా కోసి, తొలకరిలో గుచ్చితే బతుకుతుంది. విత్తనంతో వచ్చిన మొక్క వేరు మాత్రం లోతుకి దిగుతుంది, బెట్టకి అదే ఓర్చుకుంటుంది. మేకలు మొదట్లో వాసనకి మూతి తిప్పుకుంటాయి. కోసి ఒక పూట వాడనిచ్చి పెడితే అలవాటు పడతాయి. ఒక్కదానితోనే కడుపు నింపకండి, వేరే మేతలో కలపండి. గ్లైరిసిడియా అన్న మాటకి అర్థమే ఎలుకల్ని చంపేది అని. ఒకప్పుడు గింజలు, బెరడు ఎలుకల మందులో వాడేవాళ్ళట.

ప్రశ్న: చెట్లు పెరిగితే భూమిలో నీరు పెరుగుతుందా, తగ్గుతుందా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. బోరు ఎండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒక్కొక్కరు ఒక్కో చేను చూసి చెబుతున్నారు, అదీ తేడా. చెట్టు నీళ్ళు తాగుతుంది, అందులో సందేహం లేదు. అదే చెట్టు తన వేర్లతో, రాలిన ఆకుతో, ఆ ఆకు తినే చెదలూ వానపాములూ చేసే బొరియలతో వాననీటిని లోపలికి దించుతుంది కూడా. రెండిటిలో ఏది ఎక్కువన్నది చెట్ల సంఖ్యని బట్టి మారుతుంది. బుర్కినా ఫాసోలో షియా అనే నూనెగింజల చెట్లున్న చేలలో కొలిచి చూసిన పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. చెట్లే లేనిచోట నీరు పైపైనే పోయింది, మరీ దట్టంగా ఉన్నచోట చెట్లే తాగేశాయి, పల్చగా అక్కడక్కడా ఉన్నచోట భూమిలోకి ఎక్కువ నీరు దిగింది. అందుకే నేను పైన ఆ బాబుకి ముప్ఫై నలభై అన్నది. నీలగిరి లాంటి వేగంగా పెరిగేవాటిని బోరు పక్కన గుంపుగా పెడితే మాత్రం మీ టెన్షన్ సబబే.

ప్రశ్న: నాలుగేళ్ళు బాగా పెరిగిన మొక్కలు మొన్నటి గాలికి మొదలంటా పడిపోయాయి. చీడ ఏమీ లేదు. కారణం ఏమై ఉంటుంది మేడమ్?

జవాబు: పడిపోయిన చెట్టు వేరు ఒకసారి కడిగి చూశారా? తాడు చుట్టినట్టు, స్ప్రింగులా మెలితిరిగి ఉంటే కారణం అదే. నాకూ జరిగింది. ఒక నర్సరీనుంచి మొక్కలు తెచ్చాను, నిలువెత్తు ఉన్నాయని మురిసిపోయాను. సంచి చిన్నది, మొక్క ఏడాదికి పైగా అందులోనే ఉంది. తల్లివేరు సంచి అడుగు తగిలి, గుండ్రంగా తిరిగి, తనని తానే చుట్టుకుంది. నాటాక పైకి బాగానే పెరిగింది, కింద పట్టు లేదు. ఆరో ఏట ఒక్క గాలికి పదకొండు చెట్లు ఒకే దిక్కుకి పడుకున్నాయి. అడిగితే మొక్క ఇచ్చేవరకే మా పూచీ అన్నారు.

జానెడు, జానెడున్నర మొక్క, లావు కాడ, లేత వేరు, అదే తెచ్చుకోండి. నాటేటప్పుడు సంచి పూర్తిగా తీసేసి, అడుగున అంగుళం మేర మెలితిరిగిన వేర్లు బ్లేడుతో కోసెయ్యండి. ఇంకా మంచిది, గింజ నేరుగా నాటడం. మూడు గింజలు వేసి ఒక మొక్క ఉంచుకోవచ్చు. ఎదుగుదల మొదట్లో నెమ్మదిగా కనిపిస్తుంది, కింద మాత్రం పని జరుగుతుంటుంది.

ప్రశ్న: అమ్మగారూ, నాది కౌలు చేను. చేను వాళ్ళు ఎప్పుడు మానుకోమంటే అప్పుడు మానుకోవాలి. నేను చెట్లు పెంచడంలో అర్థం ఉందా?

జవాబు: కాగితం లేకపోతే లేదు. నాకు ఈ మాట రాయడం ఇష్టం లేదు, కానీ మిమ్మల్ని ఊరించి లాభం లేదు. చెట్టు ఎవరిదన్న ప్రశ్న తేలనంతకాలం ఎవరూ చెట్టుని కాపాడరు. నైజర్‌లో కూడా వలస పాలన నాటినుంచి చెట్లన్నీ ప్రభుత్వానివే అన్న చట్టం ఉండేది. రైతు తన చేలో కొమ్మ కోసినా జరిమానా పడేది. అందుకని మొలక దశలోనే పీకేసేవాళ్ళు. 1980ల మధ్యనుంచి ఆ పట్టు సడలి, చెట్టు మాది అనిపించాకే అన్ని లక్షల హెక్టార్లలో పిలకలు బతికాయి. భారతదేశం 2014లో, ప్రపంచంలో మొట్టమొదట, జాతీయ అగ్రోఫారెస్ట్రీ విధానం, అంటే చేలో పంటతోపాటు చెట్లు పెంచడానికి ఒక విధానం, తెచ్చింది. సొంత చేలో పెంచిన చెట్టు కొట్టడానికీ, తరలించడానికీ ఉన్న అడ్డంకులు తగ్గించాలని అందులోనూ రాశారు. సొంత భూమి ఉన్నవాళ్ళు కూడా కలప చెట్టు పెట్టేముందే కొట్టడానికి అనుమతి కావాలో వద్దో కనుక్కుని, పెట్టిన ఏడాది, సంఖ్య రాయించి ఉంచుకోండి. కౌలువాళ్ళకి ఆ దారి కూడా మూసే ఉంటుంది.

చేను వాళ్ళు మంచివాళ్ళయితే ఒకటి అడిగి చూడండి. చెట్లు వాళ్ళవే, కానీ చేను మీ చేతిలో ఉన్నన్నాళ్ళూ కొమ్మా, మేతా, కాయా మీవి, ముందే మానిపిస్తే పెంచిన ఏళ్ళకి ఇంత అని. నోటిమాట కాకుండా ఇద్దరు సాక్షుల సంతకాలతో. మొద్దుల పిలకలు కోసే పని అయితే రెండో ఏడే కట్టెలు చేతికొస్తాయి కాబట్టి మీకు పెద్దగా నష్టం ఉండదు.

ఒప్పుకోకపోతే కంది వేసుకోండి. నవ్వకండి, కంది కూడా ఒక చిన్న చెట్టే. వేరు లోతుకి దిగుతుంది, నత్రజని పడుతుంది, ఆకంతా చేలోనే రాలుస్తుంది, కట్టె పొయ్యికొస్తుంది. ఎక్కువకాలపు రకం అయితే జొన్న సాళ్ళ మధ్య వేసుకుంటే, జొన్న కోసేదాకా తల వంచుకుని ఉండి, ఆ తర్వాత లేస్తుంది. ఏడాది తిరక్కుండా గింజ ఇంట్లో ఉంటుంది, చేను ఎవరు అడిగినా ఇచ్చెయ్యొచ్చు. కోసేటప్పుడు మాత్రం మొదలంటా పీకకండి, జానెడు ఉంచి కొయ్యండి. వేరు అక్కడే కుళ్ళి, వచ్చే ఏడు వాన దిగడానికి దారి అవుతుంది.